శుక్రవారం దొంగిలించిన నీళ్ళ తోట

నేను ఇంతవరకూ పీకిన గడ్డంతా ఒకచోట పోస్తే పెనుకొండ కొండంత కాకపోయినా, దాని పక్కన ఒక పిల్లగుట్టంత అవుతుంది. శెనక్కాయ చేలో కలుపు, కంది చేలో కలుపు, మల్బరీ సాళ్ళ మధ్య కలుపు. పదేళ్ళ వయసు నుంచి యాభై దాటేదాకా నా చేతులకు తెలిసిన చదువు అదొక్కటే. అట్లాంటి నేను నీళ్ళలో మొలిచే గడ్డిని గాజుపెట్టెలో పెట్టి, దానికి లైటు వేసి, పెరుగుతోందా లేదా అని పీట వేసుకుని చూస్తూ కూర్చునే రోజొకటి వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే, వాళ్ళకు ఎండదెబ్బ తగిలిందనుకుని మజ్జిగ ఇచ్చి ఉండేదాన్ని.

ఆ గాజుపెట్టె మా వియ్యపురాలిది, అంటే మా అల్లుడి తల్లిది. వాళ్ళది ధర్మవరం. పట్టుచీరలు నేసే ఇల్లు. మేమిద్దరం ఒకరినొకరం వదినా అని పిలుచుకుంటాం. ఆ పిలుపులో ప్రేమ ఉంటుంది, పోటీ ఉంటుంది. ఏ పూట ఏది ఎక్కువో చెప్పలేం.

వదినకు మోకాలి ఆపరేషన్ పడింది. బెంగళూరులో మా కూతురూ అల్లుడూ ఉన్న ఇంట్లో మూడు నెలలు ఉండాలి. తాళం వేసిన ఇంట్లో చేపల తొట్టి వదిలిపెట్టలేం కదా. మా అల్లుడు దాన్ని కారులో పెట్టుకుని, చేపల్ని మూతపెట్టిన బకెట్లో, చెట్లను తడిపిన పేపర్లలో చుట్టి పెనుకొండలో మా ఇంటికి తెచ్చాడు. వెనక సీటులో వదిన.

"మేత ఏసేది ఎవరైనా ఏస్తారు వదినా. ఈ చెట్లను చూసుకునేదే కష్టం. నీకు చేతనవుతాదా?" అంది.

నాకు రోషం వచ్చింది. "నా చేతుల్లో ఎండు కట్టె గూడ చిగురేస్తాది. నువ్వు కాలు బాగుచేసుకోని రా. నీ తోట ఇప్పుడెంతుండాదో దానికి రెండింతలు చేసి చూపిస్తా" అన్నాను.

గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నాడు. ఆయనకు పదిహేను గొర్రెలున్నాయి. వాటితో తిరిగి తిరిగి మాటలు తక్కువైపోయాయి. "రెండింతలంట" అని మాత్రం అన్నాడు, ఎవరితోనో చెప్పినట్టు.

వదిన ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది. "చదువొచ్చింది గదా నీకిప్పుడు. అంతా రాసినా. చదువుకోని చెయ్."

నాకు చదువొచ్చింది యాభై నాలుగో ఏట. హిందూపురం బస్సనుకుని మడకశిర బస్సెక్కి, ఆడ దిగి దిక్కులు చూసిన రోజు సాయంత్రమే మా వీధిలో అంగన్‌వాడీ టీచరు దగ్గరికి పోయి పలక పట్టాను. ఆ తర్వాత బస్సు బోర్డులు చదివాను, షాపుల పేర్లు చదివాను, గోడమీద రాతలు చదివాను. కానీ నేను చదవాలని, నాకోసమని ఒక మనిషి రాసిచ్చిన కాగితం అదే మొదటిది. నాలుగు వరుసలే ఉన్నాయి. కొళాయి నీళ్ళు ఒక రోజు నిలవ పెట్టి వారానికోసారి సగం మార్చాలి. లైటు ఆరు గంటలు వెయ్యాలి. మేత చిటికెడు. చెట్లు పైదాకా పెరిగితే కత్తిరించి ఆ కొసలే మళ్ళీ నాటాలి. దాన్ని పది సార్లు చదివి, మడతపెట్టి దేవుడి పటం వెనక పెట్టాను. అందులో ఉన్నదంతా చెయ్యాలి, లేనిది ఏదైనా చెయ్యొచ్చు అని నా లెక్క. కొత్తగా చదువొచ్చినవాళ్ళకు కాగితం మీద అంత నమ్మకం ఉంటుంది.

చెట్లు నాటింది వదినే. కాలు చాపుకుని కుర్చీలో కూర్చుని, తను నేయించే చీరలాగే ఆ తోటను నాటింది. ముందు వైపు పొట్టి మొక్కలు అంచు. మధ్యలో కొత్తిమీర ఆకులాంటి ఆకులున్నవి. అది చీర ఒడలు. కుడి పక్కన, వెనక, నక్క తోకల్లా గుబురుగా ఊగేవి కొంగు. ఆ కొంగులో ఒకే ఒక్క ఎర్రాకు మొక్క. ఒక్కో కాడకు చిన్న గులకరాయి కట్టి ఇసుకలో దింపింది. కట్టింది మామూలు దారంతో కాదు, మగ్గం మీద మిగిలిన పట్టుదారంతో.

"మరి సాలు తప్పినట్లుండాది గదా వదినా" అన్నాను నేను. నాకు చెట్లంటే సాళ్ళే.

"నువ్వు చీర కట్టుకుంటావా, శెనగ చేను కట్టుకుంటావా?" అంది.

వదిన బెంగళూరు పోయింది. నేను పీట వేసుకుని కూర్చున్నాను.

ఆ చెట్లు పెరిగే వేగం నేను ఏ చేలోనూ చూడలేదు. మా వైపు భూమిలో విత్తనం వేస్తే వానకోసం ఆకాశం చూడాలి, మొలక కోసం భూమిని చూడాలి, రెండూ చూసి చూసి మెడ పట్టేస్తుంది. ఇవి పొద్దున బెత్తెడు ఉంటే నాలుగు రోజులకు నీటి మీదికొచ్చి అడ్డం తిరిగేవి. మల్బరీ తోట కత్తిరించిన చెయ్యి నాది. కణుపుకు పైన కత్తెర వేస్తే, కింద మోడు రెండు కొమ్మలు వేసింది. పైన కొస నాటితే అదీ వేరు పట్టింది. ఒకటి రెండు, రెండు నాలుగు. నెల తిరిగేసరికి తొట్టిలో చేపలు ఒకదానికొకటి కనబడకుండా పోయాయి.

రోజూ పొద్దున వదిన వీడియో కాల్ చేసేది. "పొద్దున లేస్తూనే కాలు సలుపుతాది వదినా. ఆ పచ్చదనం చూస్తే రవ్వంత మర్చిపోతా. ఫోను ఇంకొంచెం దగ్గర పెట్టు" అనేది. నేను ఫోను గాజుకు ఆనించి పట్టుకునేదాన్ని. ఫిజియోథెరపీ వాడు వచ్చి కాలు వంచుతుంటే కూడా ఫోను ముందు పెట్టుకుని చూస్తోందని మా కూతురు చెప్పింది. అప్పటినుంచి ఆ తోట నాకు పోటీ మాత్రమే కాకుండా పోయింది.

కత్తిరించిన కొసలు పారేయడానికి చెయ్యి రాలేదు. బకెట్లో వేసుకుని వీధంతా పంచాను. కరివేపాకు మొక్క, పెరుగు తోడు, ఇది, మాకు అంతా ఒకటే. ఊరగాయ సీసాల్లో, ప్లాస్టిక్ డబ్బాల్లో, వీధి చివర అవ్వ బర్రెకు నీళ్ళు పెట్టే రాతితొట్టిలో, ఆరిళ్ళలో నా నీళ్ళ తోట పిల్లలు పెరిగాయి. ఎర్రాకు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఎదురింటామె అడిగింది. మా గొర్రె ఒకటి ఆమె కొత్తిమీర మడి తిన్న దగ్గర్నుంచి ఆమె నన్ను పలకరించేదే నాలుగు తిట్లతో. "అది ఒకటే ఉండాది, ఇయ్యను" అన్నాను. మరుసటి రోజు ఎర్రాకు కొస ఒక బెత్తెడు తగ్గి ఉంది. అడగలేదు. అడిగితే మళ్ళీ కొత్తిమీర సంగతి మొదలవుతుంది.

ఇంతవరకూ అంతా బాగుంది. అక్కడ ఆగి ఉంటే ఈ కథే లేదు.

రెండింతలు అన్నాను కదా. నా లెక్కకు ఒకటిన్నర అయింది. కత్తిరించిన మల్బరీకి ఎరువు పడితే ఆకు ఎట్లా వస్తుందో నాకు తెలుసు. మా సీమలో పొలానికి మందను కట్టి, రాత్రంతా గొర్రెల్ని అందులో పడుకోబెడితే ఆ ఏడు ఆ చేను చూసి పక్క చేను ఏడుస్తుంది. ఇంట్లో పదిహేను గొర్రెలను పెట్టుకుని, ఎరువు లేక చెట్లు నీరసంగా ఉన్నాయంటే ఎవరి తప్పు? కాగితం తీసి మళ్ళీ చదివాను. ఎరువు వెయ్యకూడదని ఎక్కడా లేదు.

రెండు గుప్పెళ్ళ గొర్రె పెంటికలు పాత పంచె గుడ్డలో మూట కట్టి, ఇసుక కింద దాచాను.

మా ఆయన అది చూశాడు. "చేపలు గడ్డి తినవు గదా, పెంటికలెందుకు?" అన్నాడు.

"చేపలకు గాదు, చెట్లకు."

"చెట్లు నీళ్ళు తాగుతాయి. ఆ నీళ్ళే చేపలు తాగుతాయి" అని గొర్రెల్ని తోలుకుని పోయాడు. ముప్పై ఏళ్ళలో ఆయన చెప్పిన తెలివైన మాట అదొక్కటే. నేను వినలేదు.

మూడు రోజులు చెట్లు నిగనిగలాడాయి. నాలుగో రోజు నీళ్ళు రవ్వంత పసరు రంగుకు తిరిగాయి. ఆరో రోజు గోంగూర పప్పు. ఎనిమిదో రోజు లోపల ఏముందో తెలియలేదు, చేపలు మాత్రం పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని మమ్మల్ని చూస్తున్నాయి. వాటిని పట్టి నిలవ నీళ్ళ బకెట్లో వేశాను. ఉన్న తొమ్మిదీ బతికాయి. చెట్లు బతకలేదు. ముట్టుకుంటే ఉడికిన ఆకుకూరలా చేతికి వచ్చేశాయి. ఇంట్లో వాసన సంగతి చెప్పను. మా ఆయన చాప తీసుకుని గొర్రెల దగ్గరికి పోయి పడుకున్నాడు. అక్కడే నయమంట.

వదిన పొద్దున ఫోన్ చేసింది. నేను వీడియో ఎత్తలేదు. ఫోనులో వీడియో పాడైందని చెప్పి, పాత ఫోటో ఒకటి పంపాను. రెండో రోజూ అదే. నాలుగో రోజు వదిన అడిగింది:

"ఏం వదినా, ఆ నీలం తోక చేప నాలుగు దినాలుగా ఒకే తావున నిలబడుకోని ఉండాదే?"

"దానికి ఆ తావు నచ్చినట్లుండాది."

"కన్ను గూడ ఆర్పలేదు."

"చేపలు కన్నార్పవు గదా వదినా."

"అదీ నిజమే" అని నవ్వింది. తర్వాత అంది: "డాక్టరు ముందే పొమ్మన్నాడు వదినా. శనివారం పొద్దున రైలుకు వస్తాండా. పెనుకొండలో దిగి తోట చూసుకొనే ధర్మవరం పోతా. ఇంగ ఫోటోలు పంపొద్దులే, కండ్లారా చూస్తా."

అది గురువారం. ఆ రోజంతా మా ఆయనా నేనూ తొట్టి ఖాళీ చేసి, ఇసుక ఆరు సార్లు కడిగి, కొత్త నీళ్ళు నిలవ పెట్టాం. శుక్రవారం మొదటి బస్సుకు నేను హిందూపురం పోయాను. బోర్డు రెండుసార్లు చదివి ఎక్కాను.

అక్కడ చేపల షాపతను "ఏం బేకమ్మా?" అన్నాడు.

"బతికే చెట్లు కావాలప్పా. తొందరగా పెరిగేవి. రేపటికే."

"అవన్నీ ఖాళీ. మంగళవారం బెంగళూరు నుంచి లోడొస్తాది. ఇదో, ఈ ప్లాస్టిక్‌వి తీసుకో. చూస్తే అచ్చం అవే. లైటొద్దు, కత్తిరించేది లేదు, సావనే సావదు."

ఒక్క నిమిషం చేతిలో పట్టుకుని చూశాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆకులు మెరుస్తున్నాయి. కానీ కిందికి పెట్టేశాను. "సావనిదాన్ని సాకినానని ఎట్ల చెప్పుకునేదప్పా?"

"నీవి ఎట్ల పోయినాయి?"

"ఎరువేసినా."

"ఏం ఎరువు?"

చెప్పాను. అతను గల్లాపెట్టె మీద తల పెట్టుకున్నాడు. భుజాలు ఊగుతున్నాయి. కాసేపటికి కళ్ళు తుడుచుకుని లేచాడు. "అమ్మా, చేపలేసేదే వాటికి ఎరువు. నీళ్ళలో ఉండే చెడ్డంతా పీల్చుకోని పెరిగే జాతి అది. అందుకే అంత బిరీన పెరుగుతాయి. నువ్వు వాటికి ఒక మంద ఎరువు పోసినావు. నాలుగు కొమ్మలుంటే చాలు, మళ్ళీ పట్టుకుంటాయి. ఎవరికన్నా ఇచ్చింటే అడుక్కో పో."

అతను ఆ మాట అనకముందు నాకు తట్టలేదంటే నమ్మండి. ఆరిళ్ళు! తిరుగు బస్సు సోమందేపల్లిలో టీకి ఆగితే, డ్రైవరును తిట్టుకుంటూ కూర్చున్నాను.

మధ్యాహ్నం వీధి చివర అవ్వ దగ్గరికి పరిగెత్తాను. రాతితొట్టిలో నా నక్కతోకలు బర్రె నోటికి అందనంత లోతులో గుబురుగా ఉన్నాయి.

"అవ్వా, ఒక పిడికెడు కొమ్మలియ్యి."

అవ్వ నన్ను కింది నుంచి పైకి చూసింది. "ఏమే, ఈ దినం ఏం వారం?"

శుక్రవారం. మా వీధిలో శుక్రవారం ఉప్పు ఇవ్వరు, తోడు ఇవ్వరు, పచ్చని కొమ్మ గడప దాటించరు. నేనూ ఇవ్వను. నిరుటేడు ఇదే అవ్వ శుక్రవారం కరివేపాకు అడిగితే నేనే వెనక్కి పంపాను.

"రేపు తెల్లారితే మా వదిన వస్తాది అవ్వా. ఆమె తోట సంపేసినా. ఆమె నొప్పిలో గూడ దాన్నే చూసుకుంటాండాది."

అవ్వ తల అడ్డంగా ఊపింది. "ఇచ్చేది లేదు. ఇచ్చిన చెట్టు బతకను గూడ బతకదు. దొంగిలించిన చెట్టే బతికేది, తెలుసునా? నేను నిద్రపోతా." అని అరుగు మీద ఒరిగి, కొంగు మొహం మీద కప్పుకుంది.

నేను తొట్టిలో చెయ్యి పెట్టాను.

"అది గాదు, ముదిరింది. ఆ పక్కది, లావుగుండాదే, అది" అంది అవ్వ, కొంగు కింద నుంచి. ఒక గురక పెట్టి, మళ్ళీ అంది: "వేరుతో పీకద్దు. దొంగవైనా పద్ధతుండాల."

మాట నాకంటే ముందు వీధిలోకి పోయింది. మూడు ఇళ్ళలో తలుపులు తెరిచి పెట్టి, ఆడవాళ్ళు పని ఉన్నట్టు పెరట్లోకి పోయారు. ఒకామె సీసా గడప పక్కకే జరిపి పెట్టింది. నేను దొంగలా వంగి, కత్తిరించి, బయటపడేదాన్ని. మా ఆయన బకెట్ పట్టుకుని వీధి మధ్యలో నిలబడ్డాడు. "దొంగకు కూలి ఎంత?" అని అడిగాడు ఒకసారి.

అంగన్‌వాడీ టీచరు ఇంటికొచ్చేసరికి నాకు ధైర్యం వచ్చింది. వాళ్ళు క్రైస్తవులు. వాళ్ళకు ఈ శుక్రవారం పట్టింపు లేదు. "టీచరమ్మా, నువ్వు చేత్తో ఇయ్యొచ్చు గదా" అన్నాను.

ఆమె మొహం ముడుచుకుంది. "ఏమక్కా, అందరిండ్లలో దొంగతనం చేసి, మా ఇంట్లో మాత్రం అడుక్కుంటావా? మా చెట్టు బతకద్దా? నేను లెక్కలు రాసుకుంటాండా, కానియ్" అని రిజిస్టరు తెరిచి తల వంచుకుంది. నాకు అ ఆలు దిద్దించిన చెయ్యి. ఆమె ముందే, ఆమె టేబుల్ మీద సీసాలోంచి కొత్తిమీరాకు కొమ్మలు మూడు కత్తిరించాను. తలెత్తకుండానే "నాలుగు" అంది.

మిగిలింది ఎర్రాకు. అది ఎదురింట్లో, కిటికీలో, పెద్ద సీసాలో, నా దగ్గర ఏనాడూ లేనంత ఎర్రగా. ఆమె గడపలో చేటతో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపింది.

"మా ఇంట్లో గూడ దొంగతనానికొచ్చినావా?"

"నువ్వు నా దగ్గర దొంగిలించిందే గదా."

"అందుకే అంత ఏపుగా పెరిగింది. నీ దగ్గర ఉన్నింటే ఈపాటికి చచ్చుండేది, పెంటికల్లో." మాట అక్కడిదాకా పోయిందన్నమాట. ఆమె మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. నేను కదలలేదు. కాసేపటికి ఆమె వీధి వైపు తిరిగి కూర్చుని, గట్టిగా అరవసాగింది: "ఈ వీధిలో దొంగలెక్కువైపోయిరి! కొత్తిమీర ఉండనియ్యరు, ఏముండనియ్యరు!" ఆ అరుపుల చాటున నేను లోపలికి పోయి ఒక కొస కత్తిరించుకున్నాను. బయటికొస్తుంటే, తిట్లు ఆపకుండానే కాళ్ళు పక్కకు జరిపి దారిచ్చింది.

పొద్దు గుంకేలోగా నాటేశాను. పూలు కట్టే తెల్లదారంతో గులకరాళ్ళు కట్టాను. అంచు, ఒడలు, కొంగు అని గుర్తు చేసుకుంటూనే మొదలుపెట్టాను. చేతులు మాత్రం వాటి చదువు అవి చదివాయి. వెనక్కి జరిగి చూస్తే ఐదు సాళ్ళు, సాలుకు ఆరు మొక్కలు, తాడు పట్టి నాటినట్టు.

శనివారం పొద్దున వదిన ఆటో దిగింది. చేతికర్ర ఒకటి, మొహంలో కొత్త సన్నదనం ఒకటి. మంచినీళ్ళు కూడా తాగకుండా తొట్టి ముందు కుర్చీలో కూర్చుంది. చేపలు తొమ్మిదీ తిరుగుతున్నాయి. చాలాసేపు చూసింది.

"బలే బతికినాయి వదినా" అంది. తర్వాత గాజు మీద వేలు పెట్టింది. "నా పట్టుదారం యాడ?"

ఒక అబద్ధం సిద్ధంగానే ఉంది, కుళ్ళిపోయింది మార్చినానని. కానీ ఆమె ఆపరేషన్ చేసిన కాలు చాపుకుని, దూరం నుంచి వచ్చి, నా సాళ్ళను అంత ఆశగా చూస్తోంది. పెంటికల మూట దగ్గర్నుంచి ఎదురింటామె కేకల దాకా అంతా చెప్పాను. నీలం తోక చేప ఫోటో సంగతి కూడా. "మాటిచ్చి సంపేసినా వదినా. ఇవి నీవి గావు, వీధివి" అన్నాను.

వదిన పెదవులు బిగించింది. తర్వాత మోకాలు రెండు చేతులతో పట్టుకుంది. "నవ్వించొద్దే తల్లీ, కాలు సలుపుతాది" అని కళ్ళ నుంచి నీళ్ళు కార్చుకుంటూ నవ్వింది. "ఎన్ని పెంటికలేసినావు?"

"రెండు గుప్పెళ్ళు."

"కాగితంలో రాయాల్సింది. తప్పు నాదే."

ఆమె ఇంకో ఆరు నెలలు బకెట్లు ఎత్తకూడదు. తొట్టి మా ఇంట్లోనే ఉండనిమ్మంది. సాళ్ళు కూడా ఉండనిమ్మంది. చీర ఎవరైనా కడతారు, శెనగ చేను యాడ దొరుకుతుంది అని. ధర్మవరంలో తన పడకింట్లో కిటికీలో పెట్టుకోవడానికి ఒక సీసాడు చెట్లు చాలంది.

నేను కత్తెర తీసుకున్నాను. "ఈ దినం శనివారం. నేనే ఇస్తా, పట్టు."

వదిన చెయ్యి చాపలేదు. నన్నూ తొట్టినీ చూసి, కత్తెర నా చేతిలోంచి తీసుకుంది. "నువ్వు పోయి కాఫీ పెట్టు" అంది.

నేను వంటింట్లోకి పోయాను. పాలు పొంగాయి. కాఫీ అయింది. చక్కెర కలపడం మొదలుపెట్టి, గ్లాసులో చెంచా గట్టిగా తిప్పుతూనే ఉన్నాను. ముందింట్లో నీళ్ళ చప్పుడయింది. కత్తెర ఒకసారి పలికింది. రెండుసార్లు. మూడోసారి పలికేసరికి ఉండబట్టలేకపోయాను.

"ఎర్రది వదిలిపెట్టు వదినా!"

"నేనేం ముట్టలేదబ్బా" అంది వదిన.